అంటుకుంటే... ఆగదు!

1995 సెప్టెంబరు 21. తెల్లవారుజామున ఢిల్లీలోని ఓ గుళ్లో వినాయకుడి విగ్రహం పాలు తాగిందన్న వార్త పుట్టింది. ఎండెక్కేసరికి దేశమంతా పాకిపోయింది. ఊరూరా గుళ్ల ముందు బారులు తీరారు జనం. చెంబులూ, గ్లాసులూ, స్పూన్లూ పట్టుకుని ఒకటే సందడి! అప్పటికి సెల్‌ఫోన్లు సామాన్యుల చేతికి రాలేదు. ఇంటర్నెట్‌ ఇళ్లకు చేరలేదు. అయినా సాయంత్రానికల్లా కబురు లండన్‌ గుళ్ల దాకా వెళ్లింది.

తలతన్యత వల్ల స్పూనులోని పాలు విగ్రహం మీదికి పాకి, సన్నటి ధారగా కిందికి జారిపోతున్నాయని శాస్త్రవేత్తలు రంగు కలిపిన పాలతో చూపించారు. ఎంత వేగంగా వచ్చిందో అంతే వేగంగా సద్దుమణిగింది ఆ హడావుడి.

ఒకరి నుంచి ఒకరికి

మాటలూ, ఫ్యాషన్లూ, పుకార్లూ పాకే తీరు అంటురోగాలనే పోలి ఉంటుందంటారు సామాజిక శాస్త్రవేత్తలు. ఒక రోగి సగటున ఒకరికన్నా ఎక్కువమందికి అంటిస్తే రోగం విస్తరిస్తుంది. అంతకన్నా తగ్గితే ఆరిపోతుంది. కరోనా రోజుల్లో అందరికీ తెలిసొచ్చిన లెక్కే ఇది.

2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయంటూ వాట్సాప్‌లో పాకిన పుకార్లు పలు రాష్ట్రాల్లో అమాయకుల ప్రాణాలు తీశాయి. ఆ ఏడాదే ఆ సంస్థ మనదేశంలో ఒకేసారి ఐదుగురికి మించి ఫార్వర్డ్‌ చేసే వీల్లేకుండా చేసింది. రోగులను విడిగా ఉంచడం లాంటి వైద్యమే ఇదీ!

పక్కింటివాళ్లు చేస్తేనే...

పుకారు పంపడానికి పైసా ఖర్చు లేదు. అందుకే ఒక్కరు చెప్పినా చాలు. కానీ డబ్బో, పరువో పణంగా పెట్టాల్సిన పని అయితే? అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 259 మంది రైతులు సంకర జాతి మొక్కజొన్న వైపు ఎలా మళ్లారో బ్రైస్‌ రయాన్‌, నీల్‌ గ్రాస్‌ అనే పరిశోధకులు ఆరా తీసి 1943లో ప్రచురించారు. విత్తనం గురించి రైతులకు తొలుత చెప్పింది కంపెనీ సేల్స్‌మన్లే. కానీ నమ్మకం కుదిరింది మాత్రం పొరుగు రైతు చేలో పంట చూశాకే. అలా మళ్లడానికి ఏళ్లు పట్టింది. 1941 నాటికి మాత్రం ఇద్దరు తప్ప అందరూ ఆ విత్తనమే వేశారు.

దూబగుంట కథ

మన నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల తొలినాళ్లలో జరిగిందీ ఇలాంటిదే. కూలి డబ్బులు సారాకొట్టు పాలవడం, తాగొచ్చిన మొగుడు చెయ్యి చేసుకోవడం... ఎవరింటి గుట్టు వారిదే. ఎదిరించాలని ఎవరికున్నా ఒంటరిగా ఎలా? అప్పుడే అక్షరాస్యతా ఉద్యమం ఊళ్లోకొచ్చింది. పగలంతా పనిచేసిన ఆడవాళ్లు రాత్రిపూట పలకలు పట్టుకుని ఒకచోట కూర్చున్నారు. సారా వల్ల కూలిన ఓ ఇల్లాలి బతుకు పాఠంగా వచ్చింది. తన కథే పక్కనున్న పదిమందిదీ అని ప్రతి ఒక్కరికీ అర్థమైంది. అంతే! రోశమ్మలాంటి వారు ముందు నడిచారు. అంతా కలిసి ఊళ్లో సారా అమ్మకం ఆపించారు.

ఆ తర్వాత దూబగుంట ఉదంతమే మరో పాఠమైంది. చదివిన ఊళ్లలో ఆడవాళ్లు చీపుళ్లు పట్టుకుని సారాకొట్ల మీదికి కదిలారు. వాళ్లను చూసి పక్క ఊళ్లవాళ్లు. 1992లో మహిళలు అడ్డుకోవడంతో నెల్లూరులో సారా వేలంపాటలు వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం అమలైంది. 1995లో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చింది. ఖజానాకు భారమైందంటూ 1997లో దాన్ని సడలించారు.

మరి ఆ పోరాటం వృథాయేనా? కాదు. సారా ఆగాక మిగిలిన డబ్బులోంచి రోజుకో రూపాయి చొప్పున దాచుకోవడం మొదలుపెట్టారు నెల్లూరు మహిళలు. ఒక సంఘాన్ని చూసి ఇంకో సంఘం పుట్టింది. రాష్ట్రంలో డ్వాక్రా సంఘాలు బలపడటానికి ఆ పొదుపు బాట వేసింది. నిషేధం పోయినా రూపాయి రూపాయి కూడబెట్టే అలవాటు మాత్రం ఇంటింటికీ అంటుకుంది. ఇప్పటికీ వదల్లేదు!