బీడు భూములలో చెట్ల పెంపకము - కార్బన్ క్రెడిట్లు: రైతుకు దక్కునదెంత?

వాకాడు: నెల్లూరు తీరమున వాకాడు, తూపిలిపాలెం పరిసరాల ఇసుక నేలలలో సరుగుడు తోటలు సర్వసాధారణము. వీటికి కార్బన్ క్రెడిట్లు లభించునా అను ప్రశ్నకు సూటి సమాధానము: చాలా తోటలకు లభించవు. కారణములు పాత్రికేయుల, అధికారుల అవగాహనకై ఇచట వివరించడమైనది.

చెట్టు గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి కర్రగా నిల్వ చేసుకొనును. ఒక టన్ను ఎండుకర్రలో నిలిచిన కర్బనము దాదాపు 1.7 టన్నుల వాయువుకు సమానము. అయితే కొనుగోలుదారుడు సొమ్ము చెల్లించునది అదనముగా పెరిగిన కర్రకు మాత్రమే. పథకము లేకున్నను రైతు వేసుకొనెడి తోట అదనము క్రిందకు రాదు. పైగా సరుగుడును నాలుగైదేండ్లకే నరికెదరు. కావున సగటున నేలపై నిలిచి యుండు కర్ర మేరకే లెక్క కుదురును.

క్యోటో ఒడంబడిక క్రింది స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగములో 1989 డిసెంబరు 31 నాటికి అడవి లేని భూమినే అనుమతించిరి. అడవి నరికి, తిరిగి నాటి, సొమ్ము చేసుకొనకుండ ఈ నిబంధన విధించబడినది. ఆ నిబంధనల క్రిందనే ఖమ్మం జిల్లాలో తీవ్రముగా క్షీణించిన సుమారు 3,070 హెక్టార్లలో ఐటిసి సంస్థ చేపట్టిన సామాజిక వనపథకము 2009లో నమోదైనది. ఏటా సుమారు 57,800 టన్నుల వాయువు నిల్వయగునని అంచనా. 2011లో ఒడిశాతో పాటు ఉత్తరాంధ్ర జిల్లాల చిన్న రైతుల భూములలో సుమారు 1,600 హెక్టార్ల పథకము నమోదైనది. అందులో నీలగిరితో పాటు సరుగుడు కూడ కలదు. అనగా అనర్హత చెట్టుది కాదు, భూమి పూర్వస్థితిది.

ఆదాయము విషయమున పవర్‌గూడ ఉదాహరణ గమనార్హము. నాటి ఆదిలాబాద్ జిల్లాలోని ఈ గిరిజన గ్రామ మహిళా సంఘమునకు 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు 147 టన్నులకు గాను 645 డాలర్లు, అనగా అప్పటి మారకము ప్రకారము సుమారు 29 వేల రూపాయలు చెల్లించినది. అది కర్రకు ఇచ్చిన మూల్యము కాదు. కానుగ నూనె వాడకము వలన పదేండ్లలో ఆదా కాగల డీజిలుకు ఇచ్చినది. ఆ వార్త దేశమంతట మారుమ్రోగినది గాని, సొమ్ము స్వల్పమే. చెట్ల క్రెడిట్లు తాత్కాలికములు. గడువు తీరగానే కొన్నవారు వేరొకటి సమకూర్చుకొనవలెను. ఐరోపా సమాఖ్య వాణిజ్య వ్యవస్థ వీటిని అంగీకరించనే లేదు. కావున ధర పలుకలేదు. కర్ర, గింజల ఆదాయమే రైతుకు ఆధారము, క్రెడిట్ పైరాబడి మాత్రమే.

బీడని కనిపించు ప్రతి భూమి బీడు కాదు. కర్నూలు ప్రాంతపు రోళ్ళపాడు పచ్చికబయలు బట్టమేక పిట్టకు ఆవాసముగా ప్రసిద్ధి చెందినది. అట్టి చోట చెట్లు నాటుట పునరుద్ధరణ కాదు, నాశనమే. పశువుల మేతకు గ్రామస్థులు ఆధారపడిన పోరంబోకు విషయములోను గ్రామసభ మాట ముందుగా వినవలెను.

భారతదేశమున కార్బన్ క్రెడిట్ వ్యాపార పథకము 2023లో నోటిఫై చేయబడినది. రైతులు ఏ సంస్థతోనైనను ఒప్పందము చేసుకొను ముందు భూమి పూర్వపు అడంగల్ నకళ్ళు, ఉపగ్రహ చిత్రములు సరిచూడవలెను. లెక్కింపు, తనిఖీల ఖర్చు ఎవరు భరించెదరో తెలిసికొనవలెను. కౌలు భూమి అయినచో క్రెడిట్ కౌలుదారుకో, భూయజమానికో ఒప్పందములోనే వ్రాయించుకొనవలెను.