హంటింగ్టన్ వ్యాధి: దాచుకొనవలసిన జబ్బు కాదు

చింతామణి తాలూకాలో కెంచార్లహళ్ళి అనే ఊరున్నది. 2007 వరకు ఆ సీమ కోలారు జిల్లాలో వుండేది. ఆ యేడు చిక్కబళ్ళాపురం వేరు జిల్లా అయినప్పుడు అందులో చేరింది. బడిలో కన్నడం, ఇంటిలో తెలుగు, ఇదీ అక్కడి తరతరాల వాడుక. ఎవరి తాత ఏ ఊరినుంచి వచ్చినాడో, ఎవరి మేనత్తను ఏ ఇంటికి ఇచ్చినారో, ఎవరు ఏ యేట పోయినారో కాగితం చూడకుండా చెప్పగల అవ్వలు అటువంటి పల్లెలలో ఇంకా వున్నారు. ఈ నెల మేము వ్రాయబోయే జబ్బుకు ఆ అవ్వల జ్ఞాపకమే మొదటి పరీక్ష. అందువల్లనే ఊరిపేరుతో మొదలుపెట్టినాము గాని, ఆ ఊరిలో యీ జబ్బు వున్నదని చెప్పడానికి కాదు.

ఒక సంసారాన్ని ఊహించుకొందాము. ఇది ఎవరి కథా కాదు. ఎవరి ఇంటనైనా జరుగగలది. ఇంటి యజమానికి నలుబదేండ్లు. రెండు ఆవులు, కాస్త మల్బరీ తోట, పట్టుపురుగుల తట్టలు. పాలు పోసి రావడానికి వెళ్ళి దారిలో క్యాను ఒలకబోసుకొంటాడు. కూర్చున్నచోట కాలివేళ్ళు ఊరకనే ఆడుతుంటవి. భుజం ఒకసారి ఎగురుతుంది, కనుబొమలు ముడిపడతవి. పాల లెక్క తప్పుతుంది. ఎన్నడూ గట్టిగా మాట్లాడని మనిషి పెండ్లాం మీద చెయ్యెత్తుతాడు. రచ్చకట్ట దగ్గర పెద్దలు, “ఏమిరా నాయనా, పొద్దున్నే తాగినావా?” అని అడుగుతారు. అతడు చుక్క ముట్టి వుండడు. ఇంట్లోవాళ్ళు గాలి సోకిందంటారు. గుడి, దర్గా, మంత్రగాడు, అన్నీ అవుతవి. చివరకు, “ఈ కోడలు అడుగుపెట్టినప్పటినుంచే” అనే మాట ఎవరో అననే అంటారు.

అప్పుడు మూలన కూర్చున్న అవ్వ, “వీళ్ళ నాయన కూడా కడకు ఇట్లే ఆడిపోయినాడు” అంటుంది. వైద్యుడు వినవలసిన మాట అదే. కాని ఆ మాటను ఇంటిల్లిపాదీ నొక్కివేస్తారు. పిల్లకు సంబంధాలు చూస్తున్నారు గదా!

జబ్బు ఎట్లా వుంటుంది?

1872లో అమెరికాలో ఇరువదిరెండేండ్ల యువవైద్యుడు జార్జి హంటింగ్టన్ యీ వ్యాధిని వర్ణించి ఒక వ్యాసం ప్రకటించినాడు. ఆయన తండ్రి, తాత కూడా వైద్యులే. లాంగ్ ఐలండు ప్రాంతంలో కొన్ని కుటుంబాలను ఆ మూడు తరాలవారూ చూస్తూ వచ్చినారు. తాతకు వైద్యం చేసిన ఇంటనే మనుమడికీ వైద్యం చేయవలసి వచ్చినప్పుడు, జబ్బు వంశంలో ఎట్లా నడుస్తున్నదో కంటికి కనబడింది. కనుకనే వ్యాధికి ఆయన పేరు నిలిచింది.

దీని లక్షణాలు మూడు తెరగులు. మొదటిది శరీరపు కదలిక: తన ప్రమేయం లేకుండానే చేతులు, కాళ్ళు, ముఖం ఆడుతుంటవి. వైద్యులు దీనిని ‘కొరియా’ అంటారు. గ్రీకుభాషలో ఆ మాటకు నాట్యమని అర్థం. రెండవది బుద్ధి: ఒక పని తరువాత ఇంకొకటి వరుసగా చేయడం, లెక్క చూడడం, నిర్ణయం తీసుకొనడం కష్టమవుతుంది. మూడవది మనస్సు: దిగులు, చిరాకు, ఆగ్రహం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం. చాలామందిలో కాళ్ళు చేతులు ఆడకముందే యీ మూడవది మొదలవుతుంది. అందువల్ల దానిని జబ్బని ఎవరూ అనుకోరు. మనిషి చెడిపోయినాడని అనుకొంటారు.

సాధారణంగా ముప్పది, ఏబది ఏండ్ల నడుమ యీ వ్యాధి పైకి తేలుతుంది. తరువాత రమారమి పదిహేను, ఇరువది సంవత్సరాలపాటు మెల్లమెల్లగా ముదురుతుంది. మాట తడబడుతుంది, నడక తూలుతుంది, మ్రింగడం కష్టమవుతుంది, ఒళ్ళు చిక్కిపోతుంది. చిన్నవయస్సులోనే వచ్చినప్పుడు మాత్రం ఆటకంటె బిగువు హెచ్చు: పిల్లవాడు బడిలో వెనుకబడతాడు, కాళ్ళు బిగుసుకొంటవి, మూర్ఛలు కూడా రావచ్చును.

కారణం ఎక్కడ వున్నది?

మన దేహంలోని కణాలలో ఇరువదిమూడు జతల క్రోమోజోములున్నవి. ప్రతి జతలోను ఒకటి తల్లినుంచి, ఒకటి తండ్రినుంచి వస్తుంది. నాల్గవ క్రోమోజోము కొస దగ్గర ఒక జన్యువున్నది. అందులో సి.ఏ.జి. అనే మూడక్షరాల మాట పలుమార్లు వరుసగా వస్తుంది. అందరిలోనూ వస్తుంది, అది జబ్బు కాదు. ఇరువదియారు మార్లకు మించకపోతే ఏ చిక్కూ లేదు. 27 మొదలు 35 వరకు వున్నవారికి జబ్బు రాదుగాని, బిడ్డలకు ఆ సంఖ్య పెరిగి సంక్రమించడం అరుదుగా జరుగుతుంది. 36 మొదలు 39 వరకు అయితే రావచ్చును, రాకపోవచ్చును. నలుబదికి చేరితే, నిండు ఆయువు బ్రతికినవారికి జబ్బు తప్పదన్నమాటే. పలకమీద పిల్లవాడు ఒకే అక్షరాన్ని అవసరానికి మించి దిద్దుకొంటూ పోయినట్లున్నదీ వ్యవహారం. అట్లా పొడుగైన జన్యువునుంచి పుట్టే మాంసకృత్తు మెదడు లోతట్టున, కదలికలను అదుపుచేసే భాగంలోని కణాలను క్రమంగా చంపుతుంది.

సంఖ్య ఎంత హెచ్చితే జబ్బు అంత చిన్నవయస్సులో రావడం సామాన్యం. తండ్రినుంచి వచ్చినప్పుడు ఆ సంఖ్య ఇంకా పెరగడానికి అవకాశం హెచ్చు. బాల్యంలో కనబడే జబ్బు అధికంగా తండ్రివైపునుంచి రావడానికి కారణమిదే.

ఇప్పుడు ముఖ్యమైన మాట. తల్లిదండ్రులలో ఒకరికి యీ లోపమున్నా చాలు, పుట్టే ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. రూపాయి బిళ్ళ ఎగురవేసినట్లే. నలుగురు పిల్లలుంటే ఇద్దరికి వచ్చి ఇద్దరికి రాదని లెక్కకట్టరాదు. ప్రతి బిడ్డకూ బిళ్ళను మళ్ళీ ఎగురవేస్తున్నట్లే. నలుగురికీ రావచ్చును, ఒక్కరికీ రాకపోవచ్చును. ఆడబిడ్డ, మగబిడ్డ అనే భేదం లేదు. తండ్రిలోని లోపం ఒక బిడ్డకు సంక్రమించకపోతే, ఆ బిడ్డ సంతానానికి ఆ వైపునుంచి భయం లేదు. ఆ కొమ్మలో జబ్బు అంతటితో ఆగినట్లే.

“మా ఇంట ఒక తరం దాటి వచ్చింది” అని కొందరంటారు. తరచి చూస్తే నడుమ తరంవాడు జబ్బు బయటపడే వయస్సుకు ముందే వేరే కారణంతో పోయి వుంటాడు. లేదా అతని జబ్బును పిచ్చి అనో, తాగుడు అనో, పక్షవాతమనో చెప్పుకొని వుంటారు.

మేనరికం వల్ల వచ్చిందా?

మన తెలుగు కుటుంబాలలో మేనమామకు ఇవ్వడం, మేనత్త కొడుకుకు ఇవ్వడం తరతరాల ఆచారం. కాబట్టి వంశంలో ఏ జబ్బు కనబడినా మేనరికం మీదికి నెట్టడం అలవాటైంది. కొన్ని జబ్బుల విషయంలో ఆ మాట నిజమే. తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి, రెండు లోపాలూ కలిస్తేనే వచ్చే వ్యాధులున్నవి. దగ్గరి చుట్టరికంలో అవి కలిసే అవకాశం హెచ్చు. హంటింగ్టన్ వ్యాధి ఆ కోవలోనిది కాదు. దీనికి ఒక్క లోపమే చాలు. కాబట్టి మేనరికం చేసుకొన్నా, కాశ్మీరునుంచి కోడలిని తెచ్చుకొన్నా, రోగి బిడ్డకు సగానికి సగం అవకాశం వుండనే వుంటుంది. కోడలు తెచ్చిన శని కాదిది. ఏ దేవుడి కోపమూ కాదు, ఎవరి పాపమూ కాదు. ఈ నిందలు మోసి కన్నీరు కార్చిన ఇల్లాండ్రకు మనం ఋణపడి వున్నాము.

వైద్యం, పరీక్ష

ఐరోపా సంతతివారితో పోలిస్తే ఆసియా దేశాలలో యీ జబ్బు తక్కువ. అయినా మన దేశంలో లేదనుకొనడం పొరపాటు. జన్యుపరీక్షతో నిర్ధారణ అయిన భారతీయ రోగులను గురించి బెంగుళూరు వైద్యులు 2001లోనే పరిశోధన పత్రం ప్రకటించినారు. చింతామణినుంచి బస్సెక్కితే చేరగల దూరంలో, బెంగుళూరు హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ వున్నది. 1974లో పాత మానసిక వైద్యశాలను, 1954లో వెలసిన మానసికారోగ్య విద్యాసంస్థను కలిపి దానిని ఏర్పరచినారు. నరాల వైద్యులు, మనోవైద్యులు, జన్యుసలహా ఇచ్చేవారు ఒకే ఆవరణలో దొరకడం యీ జబ్బువారికి పెద్ద సౌకర్యం.

వెళ్ళేముందు ఇంట్లో ఒక కాగితం తయారుచేసుకొనవలెను. మూడు తరాల పేర్లు, ఎవరు ఏ వయస్సులో పోయినారు, ఎవరికి నడక తూలింది, ఎవరికి మతి చెడింది, ఎవరైనా ప్రాణం తీసుకొన్నారా, అన్నీ అవ్వను అడిగి దాచకుండా వ్రాయవలెను. ఆ కాగితం చూస్తే వైద్యునికి సగం దారి తెలిసిపోతుంది. మిగిలిన సగం రక్తపరీక్ష చెబుతుంది.

జబ్బును పూర్తిగా కుదిర్చే మందు నేటికీ లేదు. అయితే చేయగలది చాలా వున్నది. ఆటను తగ్గించడానికి టెట్రాబెనజీన్ వంటి మందులున్నవి. దిగులుకు, ఆగ్రహానికి వేరే మందులున్నవి. టెట్రాబెనజీన్ కొందరిలో దిగులు పెంచుతుంది కాబట్టి వైద్యుని కనుసన్నలలోనే వాడవలెను. మెదడులోనికి జన్యుచికిత్సను ఎక్కించి జబ్బు వేగాన్ని తగ్గించే ప్రయోగ ఫలితాలు 2025 సెప్టెంబరులో వెలువడి ఆశ కలిగించినవి. అవి కొద్దిమందిపై జరిగిన ప్రయోగాలు. ఆ పేరు చెప్పి ఎవరైనా డబ్బడిగితే నమ్మరాదు.

ఇంటి ఆడవారికి ఒక సంగతి. మన సీమలో రాగిసంగటిని నమలకుండా మ్రింగడం అలవాటు. మ్రింగడం కష్టమైన రోగికి అది గొంతుకు అడ్డుపడుతుంది. మెత్తగా, చిన్నచిన్న ముద్దలుగా, నిటారుగా కూర్చోబెట్టి, తొందరపెట్టకుండా తినిపించవలెను. నీళ్ళు త్రాగినప్పుడు పొలమారుతుంటే వైద్యునికి చెప్పవలెను. ఈ జబ్బులో ఒళ్ళు తొందరగా తగ్గుతుంది కాబట్టి నెయ్యి, పాలు, అరటిపండు వంటి బలమైన తిండి ఎక్కువసార్లు పెట్టవలెను. “చచ్చిపోతే మేలు” అని రోగి అన్నప్పుడు దానిని వట్టిమాటగా తీసుకొనరాదు. ఈ జబ్బులో ఆత్మహత్య భయం నిజంగానే హెచ్చు. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవలో ఏ వేళనైనా ఉచితంగా మాట్లాడవచ్చును.

తెలుసుకొనడమా, మానడమా?

తండ్రికి జబ్బని తేలింది. ఇరువదిరెండేండ్ల కూతురికి సంబంధం కుదురుతున్నది. ఆమె ఒంట్లో లోపమున్నదో లేదో రక్తపరీక్ష ఇప్పుడే చెప్పగలదు. చేయించవలెనా?

దీనికి లోకమంతటా వైద్యులు పాటించే నియమం ఒక్కటే. ఆ నిర్ణయం ఆమెది. తండ్రిది కాదు, మామగారిది కాదు, కాబోయే భర్తది కాదు. యుక్తవయస్సు రాని ఆరోగ్యవంతులైన పిల్లలకు యీ పరీక్ష చేయరు. పెద్దలకైనా ముందు సలహా, ఆలోచనకు వ్యవధి, ఆ తరువాతే రక్తం. తెలుసుకొని కుదుటపడినవారున్నారు, తెలియకపోవడమే మేలని మిగిలిపోయినవారున్నారు. రెండూ తప్పు కాదు. దంపతులు కోరితే గర్భంలోనే పరీక్షించే మార్గం కూడా వున్నది. ఆడో మగో చెప్పడం 1994 నాటి చట్టప్రకారం నేరం. జన్యువ్యాధుల పరీక్షను మాత్రం గుర్తింపుగల కేంద్రాలలో చేయడానికి అదే చట్టం అనుమతించింది.

నాన్సీ వెక్స్లర్ అనే అమెరికా శాస్త్రజ్ఞురాలి జీవితం ఇక్కడ జ్ఞప్తికి వస్తుంది. 1968లో ఆమె తల్లికి యీ వ్యాధి అని తెలిసింది. 1979 మొదలు ఆమె బృందం వెనిజులాలో మరకైబో సరస్సు తీరపు పల్లెలకు వెళ్ళి, అక్కడి పెద్ద పెద్ద వంశవృక్షాలను వ్రాసి, రక్తం సేకరించింది. దాని ఫలంగా 1983లో జబ్బు జాడ నాల్గవ క్రోమోజోము మీద దొరికింది. 1993లో జన్యువే దొరికింది. లోకానికి పరీక్షను సాధించిపెట్టిన ఆమె, తనకూ ఆ వ్యాధి వున్నదని 2020లో బహిరంగంగా చెప్పింది. అంతటి విదుషికే ఆ మాట పైకి చెప్పడానికి కాలం పట్టింది. మన పల్లెటూరి పిల్లను తొందరపెట్టడానికి మనమెవరము?

అయితే పరీక్ష వేరు, దాచడం వేరు. పరీక్ష మానుకొనే హక్కు ఆమెకున్నది. కాని ఇంట జబ్బున్నదనే సంగతిని ఆమెకే చెప్పకుండా దాచే హక్కు తలిదండ్రులకు లేదు. కట్టుకొనబోయేవాడికి కూడా ముందుగా చెప్పడం మర్యాద. చెబితే ఒక సంబంధం తప్పిపోవచ్చును. దాచి చేసిన పెండ్లిలో పదేండ్లకు బయటపడితే, అప్పటికి ఇద్దరు బిడ్డలతో ఆమె ఎవరి ముఖం చూడాలి?

ఆ మూలన కూర్చున్న అవ్వను మాట్లాడనివ్వండి. ఆమె చెప్పింది వ్రాసిపెట్టండి. ఆ కాగితాన్ని మడిచి పెట్టె అడుగున దాచకుండా, పిల్లలు పెద్దవారైన రోజున వారి చేతికి ఇవ్వండి.