శరణార్థుల పునరావాసం - ప్రభుత్వ ధనం, సమాజ బాధ్యత

శరణార్థిని తెలుగులో పూర్వం “కాందిశీకుడు” అనేవారు. 1971లో తూర్పు బెంగాలు నుండి జనం తరలివచ్చినప్పుడు మన పత్రికలలో ఈ మాటే తరచుగా కనిపించేది. “ఏ దిక్కుకు పోదును?” అని అర్థమిచ్చే సంస్కృత పదాల నుండి ఇది పుట్టింది. అరబీ భాషలోని “ముహాజిర్” అనే పదం విడిచివచ్చిన దానిని గుర్తు చేస్తుంది. మొదటి మాటలో దారి తోచని స్థితి ఉంది. రెండవ మాటలో వదలుకున్న ఇల్లు ఉంది. శరణార్థికి చేసే సహాయం సఫలమైనదా, కాదా అని తెలుసుకోవటానికి మన తెలుగు మాటే మంచి కొలబద్ద. “ఏ దిక్కుకు పోదును?” అన్న అతని ప్రశ్నకు జవాబు దొరికిందా?

ముందుగా రెండు విషయాలను వేరుచేసి చూడాలి. ఆపదలో వచ్చినవానికి అన్నం, గుడారం, మందులు ఇవ్వటం తాత్కాలిక సహాయం. తిరిగి వెళ్ళే అవకాశం లేనివాడు కొత్తచోట తన కాళ్ళపై తాను నిలబడేటట్లు చేయటం పునరావాసం. 1971లో సుమారు కోటిమంది మన దేశానికి వచ్చారు. వారి ఖర్చుల కోసం ఆ సంవత్సరం నవంబరు నుండి ఉత్తరాలపై ఐదు పైసల శరణార్థి సహాయ బిళ్ల అదనంగా అంటించవలసి వచ్చింది. ఆనాటి ఉత్తరాలు దాచుకున్న ఇళ్ళలో ఆ బిళ్లలు నేటికీ కనిపిస్తాయి. బంగ్లాదేశ్ ఏర్పడిన తరువాత వారిలో అత్యధికులు తిరిగి వెళ్ళారు. కనుక అది ప్రధానంగా తాత్కాలిక సహాయమే. పునరావాసం అంతకంటే దీర్ఘమైన పని.

మదీనా ఆదర్శం

ముస్లిములకు ఈ విషయం కొత్తది కాదు. క్రీ.శ. 622లో మక్కా నుండి వచ్చిన ముహాజిర్లకూ, మదీనావాసులైన అన్సార్లకూ మధ్య దైవప్రవక్త (స) సోదర సంబంధం నెలకొల్పారు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు సోదరునిగా నియమితులైన హజ్రత్ సఅద్ బిన్ రబీఅ (రజి) తన ఆస్తిలో సగం ఇవ్వజూపారు. అబ్దుర్రహ్మాన్ (రజి) ఆయనకు శుభం కోరి, తనకు బజారు దారి చూపమని మాత్రమే అడిగారు. ఆయన బజారుకు వెళ్ళి నెయ్యి, ఎండబెట్టిన పెరుగు వంటివాటితో వ్యాపారం ప్రారంభించారు. కొద్దికాలానికే వివాహం చేసుకోగలిగే స్థితికి వచ్చారు. సహీహ్ బుఖారీలో ఉన్న ఈ వృత్తాంతాన్ని మనం సాధారణంగా అన్సార్ల త్యాగానికి ఉదాహరణగా చెప్పుకుంటాము. అది నిజమే. అయితే అందులో పునరావాస సూత్రం కూడా ఉంది. ఇచ్చేవాడు ఇవ్వటానికి సిద్ధపడ్డాడు. పుచ్చుకునేవాడు ధనానికి బదులు దారి అడిగాడు. ఆ దారిలో వెళ్ళటానికి అతనికి అడ్డు లేకపోయింది.

అలాగని ఆ భారమంతా అన్సార్ల దాతృత్వంపైనే ఉంచబడలేదు. హిజ్రత్ నాలుగవ సంవత్సరంలో బనూ నదీర్ భూములు యుద్ధం లేకుండా “ఫయ్” రూపంలో రాజ్యాధీనమైనప్పుడు, దైవప్రవక్త (స) వాటిని ముఖ్యంగా ముహాజిర్లకు పంచారు. ఇళ్ళనుండి, ఆస్తులనుండి వెళ్ళగొట్టబడిన పేద ముహాజిర్ల హక్కును దివ్య ఖుర్‌ఆన్‌లోని హష్ర్ సూరా ఈ సందర్భంలోనే ప్రస్తావించింది. నేటి భాషలో చెప్పాలంటే అది పునరావాసానికి ప్రభుత్వ నిధిని వినియోగించటమే. సోదర సంబంధం మూలంగా మొదట ఏర్పడిన వారసత్వపు హక్కు తరువాత రక్తసంబంధీకులకే తిరిగి చెందింది. ప్రత్యేక ఏర్పాటు ముగిసింది. కాని ముహాజిర్లు నిలదొక్కుకున్న తరువాతనే ముగిసింది. ఈ క్రమాన్ని గుర్తుంచుకుంటే ఇకమీద చెప్పబోయేది సులభంగా బోధపడుతుంది.

అమెరికాలోని ఏర్పాటు

ప్రభుత్వ ధనంతో జరిగే పునరావాసానికి మన కాలంలో ఎక్కువగా చర్చించబడిన ఉదాహరణ అమెరికా. అక్కడ శరణార్థులకు జీవితాంతం భత్యం ముడుతుందని మనలో కొందరి అభిప్రాయం. అది సరికాదు. 1980కి పూర్వం హంగరీ, క్యూబా, వియత్నాం వంటి ఒక్కొక్క సంక్షోభానికి ఒక్కొక్క ఏర్పాటు చేసేవారు. 1980 మార్చి 17న అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన శరణార్థుల చట్టం ఒక స్థిరమైన పద్ధతిని ఏర్పరచింది. దాని అంచెలు ఇవి.

మొదటిది ప్రయాణం. విమానపు ఖర్చు దానం కాదు, అప్పు. వచ్చిన కొన్ని నెలల తరువాత వాయిదాలలో తీర్చవలసి ఉంటుంది. అయితే ఈ అప్పుపై వడ్డీ లేదు. ఈ సంగతి మన పాఠకులు గమనించదగినది.

రెండవది తొలి తొంభై రోజులు. విదేశాంగ శాఖ తలకు ఇంతని స్వచ్ఛంద సంస్థలకు డబ్బు ఇచ్చేది. వీటిలో క్రైస్తవ, యూదు మత సంస్థలు కూడా ఉండేవి. విమానాశ్రయంలో ఎదురుకోళ్ళు, అద్దె ఇల్లు, పరుపులు, గిన్నెలు, వారి అలవాటుకు తగిన తొలి భోజనం, పిల్లలను బడిలో చేర్చటం, వైద్యపరీక్ష - ఇవన్నీ ఆ సంస్థ బాధ్యతలు. 2010లో ఈ మొత్తాన్ని 900 డాలర్ల నుండి 1,800 డాలర్లకు పెంచారు. అందులో 1,100 డాలర్లు నేరుగా శరణార్థి అవసరాలకే ఖర్చు చేయాలని నిర్ణయించారు.

మూడవది ఆ తరువాతి నెలలు. ఆరోగ్య శాఖలోని శరణార్థి పునరావాస కార్యాలయం ప్రధానంగా రాష్ట్రాల ద్వారా నగదు భత్యం, వైద్యం, ఇంగ్లీషు తరగతులు, ఉద్యోగాన్వేషణలో తోడ్పాటు సమకూరుస్తుంది. ప్రభుత్వ సొమ్ముతో పాటు స్వచ్ఛంద సంస్థ కూడా ప్రజలనుండి నగదో, వస్తువులో, సేవలో సేకరించి జతచేయాలన్న నిబంధన గల పథకం కూడా ఒకటి ఉంది. దీనివలన ఇరుగుపొరుగు వారికి కూడా ఆ పనిలో పాలు దొరుకుతుంది.

వీటన్నిటికంటే ముఖ్యమైనది నాలుగవది - హక్కు. శరణార్థిగా ప్రవేశించినవానికి దిగిన నాటినుండి పనిచేసే అనుమతి ఉంటుంది. సంవత్సరం తరువాత శాశ్వత నివాసానికీ, ఐదు సంవత్సరాల తరువాత పౌరసత్వానికీ దరఖాస్తు చేసుకోవచ్చు. అబ్దుర్రహ్మాన్ (రజి) అడిగిన బజారు దారికి నేటి రూపం ఇదే. సెయింట్ లూయిస్‌లో బోస్నియా వారు, మినియాపొలిస్‌లో సోమాలియా వారు మస్జిదులు, దుకాణాలు నెలకొల్పుకుని స్థిరపడ్డారంటే కేవలం ఆ కొద్ది డాలర్లే కారణం కాదు; ఆ డాలర్లతోపాటు తలుపు కూడా తెరచి ఉన్నది.

కుదించుకుపోయిన గడువు

ఇక లోపం ఎక్కడ వచ్చిందో చూద్దాము. 1980 చట్టం నగదు, వైద్య సహాయాలకు 36 నెలల వరకు అవకాశమిచ్చింది. ప్రత్యేక నగదు భత్యపు గడువు 1982లో 18 నెలలకు, 1988లో 12 నెలలకు, 1991లో 8 నెలలకు తగ్గింది. 2022లో దానిని తిరిగి 12 నెలలు చేశారు. 2025 మే నెలలో నాలుగు నెలలకు కుదించారు. చట్టంలోని 36 అంకె చెరిగిపోలేదు. దాని వెనుక ఉండవలసిన ధనమే తరిగిపోయింది. కాగితం మీది హక్కుకు నిధి తోడుకాకపోతే ఏమవుతుందో తెలుసుకోవటానికి ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం అక్కరలేదు.

అదే 2025లో జనవరి నెలాఖరున శరణార్థుల ప్రవేశాన్నే నిలిపివేశారు. 2024 ఆర్థిక సంవత్సరంలో దాదాపు లక్షమంది రాగా, 2026కు గరిష్ఠ పరిమితిని 7,500గా ప్రకటించారు. 2025 జూలై 4న సంతకమైన మరొక చట్టం శాశ్వత నివాసం పొందని శరణార్థులను ప్రభుత్వ ఆహార సహాయం నుండి తొలగించింది. శాశ్వత నివాసానికి సంవత్సరం ఆగాలి. ఆకలి సంవత్సరం ఆగదు.

నాలుగు నెలలలో పరాయి భాష నేర్చుకోవటం ఎవరికి సాధ్యం? గడువు దగ్గరపడుతున్నవాడు ఏది దొరికితే ఆ పనిలో చేరతాడు. స్వదేశంలో వైద్యుడో, ఉపాధ్యాయుడో అయినవాడు తన విద్యకు తగిన పరీక్షలు రాసే వ్యవధి లేక గిడ్డంగిలో మూటలు మోస్తూ ఉండిపోవచ్చు. లెక్కల్లో అతడు “స్వావలంబి”. ప్రభుత్వానికి కొన్ని నెలల ఖర్చు మిగిలింది. ఆ సమాజానికి ఒక వైద్యుడు దక్కకుండా పోయాడు.

మన ముంగిట

ఇంత దూరదేశపు సంగతి మనకెందుకని పాఠకులు అడగవచ్చు. హైదరాబాదులోని బాలాపూర్ పరిసరాలలో బర్మానుండి వచ్చిన రోహింగ్యాలు కొన్ని వేలమంది ఉన్నారు. భారతదేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందంపై సంతకం చేయలేదు. శరణార్థుల కోసం ప్రత్యేక చట్టం కూడా మనకు లేదు. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చే కార్డు వారివద్ద ఉన్నా, 2017 నుండి కేంద్ర ప్రభుత్వం వారిని అక్రమ వలసదారులుగానే పేర్కొంటున్నది. అమెరికాలో తలుపు ఉండి గడువు తరిగింది. ఇక్కడ తలుపే స్పష్టంగా లేదు.

ఒకసారి ఒక రోహింగ్యా తండ్రికి మాటసాయంగా నేను ఒక ఆసుపత్రికి వెళ్ళాను. అతని చేతిలో దాతలిచ్చిన డబ్బు ఉంది. డబ్బు గురించి ఎవరూ అడగలేదు, ఆధార్ అడిగారు. మేము మూడు కిటికీలు తిరిగాము. చివరకు ఒక నర్సు జాలిపడి బిడ్డను వైద్యునికి చూపించింది. తిరుగు ప్రయాణంలో ఆ తండ్రి, “అన్నా, రేపు నువ్వు రాకపోతే?” అన్నాడు. నావద్ద సమాధానం లేదు. దయ కలిగిన మనిషి ఎదురుపడితే జరిగే పని, ఆమె సెలవులో ఉన్ననాడు జరగదు. అందుకే దయతోపాటు హక్కు కావాలి. 2025 ఫిబ్రవరిలో ఢిల్లీలోని రోహింగ్యా పిల్లల విషయంలో, వారు ప్రవేశం కోసం ప్రభుత్వ బడులను ఆశ్రయించవచ్చుననీ, నిరాకరిస్తే హైకోర్టుకు వెళ్ళవచ్చుననీ సుప్రీంకోర్టు చెప్పింది. ఇది చిన్న ద్వారమే అయినా ద్వారమే.

రమజాన్‌లో మనం బియ్యం బస్తాలు పంచుతాము. అది పుణ్యకార్యమే, దానిని తక్కువ చేయరాదు. అయితే పదేళ్ళుగా అదే బస్తా, అదే వరుస కొనసాగుతుంటే మన సహాయం వారిని బజారుకు చేర్చలేదని అర్థం. పిల్లవానికి తెలుగు నేర్పేవారు, బడిలో చేర్చటానికి వెంట వెళ్ళేవారు, ఆసుపత్రిలో మాటసాయం చేసేవారు, ఉచితంగా సలహా ఇచ్చే న్యాయవాదులు మనలో లేరా? జకాత్‌కు అర్హులైన వర్గాలలో నిరుపేదలు, బాటసారులు ఉన్నారు. ఆ ధనాన్ని ఈ పనులకు ఏ మేరకు వినియోగించవచ్చునో ప్రతి ఊరి జకాత్ కమిటీ ఉలమాలను అడిగి తెలుసుకోవటం మంచిది. మతం ఏదైనా, ఇల్లు కోల్పోయిన ప్రతివారికీ మన సదకాలో పాలుంది.

ప్రభుత్వం చేయవలసిన పని సమాజం పూర్తిగా చేయలేదు. చట్టం, గడువు, నిధి దాని చేతిలోనే ఉన్నాయి. కాని సఅద్ (రజి) తన అతిథికి బజారు దారి చూపటానికి ఏ నిధి కోసమూ ఎదురుచూడలేదు. ఆ పాటి పని మనమూ చేయగలము. దిక్కు తోచనివారికి దారి చూపే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.