ఆ ముప్పై సెకన్లు

ఆఫీసుల్లో కంప్యూటర్లను కలిపే ఈథర్నెట్ పుట్టడానికి ఒక ముఖ్య కారణం ప్రింటరే. 1973లో కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ దానికి రూపమిచ్చారు. అక్కడి ఆల్టో కంప్యూటర్లన్నీ గ్యారీ స్టార్క్‌వెదర్ కనిపెట్టిన లేజర్ ప్రింటర్‌ను కలిసి వాడుకోవాలన్నది వాళ్ల ముందున్న అవసరం. ఇప్పటికీ నెట్‌వర్క్‌లో చిన్న మార్పు జరిగినా ముందుగా ఇబ్బంది పడేది ప్రింటరే.

ఆఫీసులో పాత నెట్‌వర్క్ స్విచ్ తీసి కొత్తది పెడతారు. కంప్యూటర్లన్నీ మామూలుగానే పనిచేస్తాయి. ప్రింటర్ మాత్రం ‘ఆఫ్‌లైన్’ అంటుంది. వెంటనే డ్రైవర్ తీసేసి మళ్లీ వేస్తారు. నిన్నటిదాకా పనిచేసిన డ్రైవర్ స్విచ్ మార్చినంత మాత్రాన చెడిపోదు. ముందు చూడాల్సింది ప్రింటర్ ప్యానెల్ నుంచి తీసే కాన్ఫిగరేషన్ పేజీ. అందులో ఐపీ అడ్రస్ 169.254తో మొదలైతే సగం జవాబు దొరికినట్టే. అడ్రస్ ఇవ్వమని డీహెచ్‌సీపీ సర్వర్‌ను అడిగి, జవాబు రాక, ప్రింటర్ తనకు తానే ఒకటి పెట్టుకుందన్నమాట.

జవాబు ఎందుకు రాలేదు? కారణం కొత్త స్విచ్ తీసుకునే ఒక జాగ్రత్త. రెండు స్విచ్‌ల మధ్య పొరపాటున రెండు దారులు ఏర్పడితే, అందరికీ పంపే సందేశాలు ఆ వలయంలో ఆగకుండా తిరుగుతూనే ఉంటాయి. ఇన్నిసార్లు తిరిగాక ఆగిపోవాలన్న లెక్క ఈథర్నెట్ ఫ్రేములో లేదు. క్షణాల్లో నెట్‌వర్క్ అంతా స్తంభిస్తుంది. దీనికి విరుగుడుగా 1985లో రేడియా పెర్ల్‌మన్ స్పానింగ్ ట్రీ పద్ధతిని రూపొందించారు. దాని ప్రకారం, ఏ పోర్టుకైనా కొత్తగా కేబుల్ తగిలితే స్విచ్ దాన్ని వెంటనే తెరవదు. 15 సెకన్లు వింటుంది, మరో 15 సెకన్లు ఎవరెక్కడున్నారో నేర్చుకుంటుంది. ఆ 30 సెకన్లూ ప్రింటర్ పంపినవేవీ ముందుకు పోవు. కంప్యూటర్ అడుగుతూనే ఉంటుంది కాబట్టి దానికి అడ్రస్ దొరుకుతుంది. కొన్ని ప్రింటర్లు అంతలోనే ఆశ వదులుకుంటాయి.

పాతది చవకరకం అన్‌మేనేజ్డ్ స్విచ్ అయితే దానికి సాధారణంగా ఈ కాపలా ఉండదు. అందుకే ఇన్నాళ్లూ ఈ సమస్య రాలేదు.

ప్రింటర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఎందుకు లాభం ఉండదో ఇక్కడే తెలుస్తుంది. ఆపగానే లింకు తెగుతుంది, ఆన్ చేయగానే 30 సెకన్ల లెక్క మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. నిర్ధారించుకోవడానికి నాకు నచ్చిన పరీక్ష ఒకటుంది. ప్రింటర్‌కూ కొత్త స్విచ్‌కూ మధ్య చిన్న అన్‌మేనేజ్డ్ స్విచ్ పెట్టి, ఒక నిమిషం ఆగి, అప్పుడు ప్రింటర్‌ను మాత్రమే రీస్టార్ట్ చేయాలి. పెద్ద స్విచ్ వైపు లింకు తెగదు కాబట్టి, కారణం ఇదే అయితే అడ్రస్ వెంటనే వస్తుంది. అప్పుడు ప్రింటర్ ఉన్న పోర్టును ‘ఎడ్జ్ పోర్ట్’గా మార్చాలి. కొన్ని కంపెనీలు దీన్నే ‘పోర్ట్‌ఫాస్ట్’ అంటాయి. స్పానింగ్ ట్రీని మొత్తానికే ఆపేయడం మాత్రం పెద్ద తప్పు. ఒక్క ప్రింటర్ కోసం ఆఫీసంతటికీ ఉన్న రక్షణను తీసేసినట్టవుతుంది.

ఈ పరీక్షలోనూ అడ్రస్ రాకపోతే, ఆ పోర్టు వేరే వీలాన్‌లో (అదే స్విచ్‌లో విడిగా ఉంచిన మరో నెట్‌వర్క్‌లో) ఉందేమో చూడాలి. సరైన అడ్రస్సే వచ్చినా అది పాతది కాకపోతే, కంప్యూటర్లు ఇంకా పాత అడ్రస్‌కే పనులు పంపుతుంటాయి. ప్రింటర్ మాక్ అడ్రస్‌తో డీహెచ్‌సీపీలో ఒక ఐపీని శాశ్వతంగా కేటాయిస్తే ఈ బాధ ఉండదు.

చిన్న పేజీలు వస్తూ పెద్ద ఫైళ్లు మాత్రం నత్తనడక నడుస్తుంటే, డేటా రెండు వైపులా ఒకేసారి సాగాలా (ఫుల్), వంతులవారీగానా (హాఫ్) అని చెప్పే డూప్లెక్స్‌ను అనుమానించాలి. ప్రింటర్‌లో ఎప్పుడో ఎవరో 100 ఎంబీపీఎస్, ఫుల్ డూప్లెక్స్ అని చేత్తో పెట్టి ఉండొచ్చు. కొత్త స్విచ్ ఆటోలో ఉంటే వేగాన్ని కనిపెడుతుంది గానీ డూప్లెక్స్‌ను కనిపెట్టలేదు, నియమం ప్రకారం హాఫ్ అనుకుంటుంది. అప్పుడు ఒకరు మాట్లాడుతుండగా ఇంకొకరు అడ్డుపడినట్టు డేటా చెడిపోతూ ఉంటుంది. ప్రింటర్‌నూ ఆటోలో పెడితే చాలు.