పేడే కదా, ఏమవుతుందట?

కెనడాలోని ఆల్బర్టాలో, కాల్గరీ చుట్టుపక్కల ఫారం రిసార్టులకు మనవాళ్ల రాకపోకలు పెరిగాక ఒక మాట తెగ తిరుగుతోంది. "అక్కడ రసాయనాలు వాడరు, అంతా పేడే. ఆ వాగు నీళ్లకి ఏ భయమూ లేదు." ఈ భరోసాతోనే పశువులు దిగే వాగులో పిల్లల్ని ఆడిస్తున్నారు. ఊరి బయట నాలుగెకరాలు కొన్న కొందరైతే ఇంకో అడుగు ముందుకేసి, చలికాలంలో పేడను మంచు మీదే పరిచేస్తున్నారు. మంచు కరిగితే నేలే తాగేస్తుందట!

తాగదు. జనవరిలో ఇక్కడి నేల గడ్డకట్టుకుని ఉంటుంది. రాకీ పర్వతాల మీంచి చినూక్ గాలి దిగిందంటే కొన్ని గంటల్లోనే ఇరవై డిగ్రీలు ఎగబాకిన రోజులున్నాయి. కరిగిన నీరు కిందికి ఇంకే దారి లేక, పేడను కడుక్కుంటూ పల్లానికి పరుగెడుతుంది. అలాంటి సాయంత్రం ఆ పొలం చివర ఒకసారి నిలబడి చూడండి. రోడ్డు పక్క కాలవలో టీ డికాషన్ రంగు నీళ్లు, వాటి మీద తేలుతూ గడ్డిపరకలు, అంచుల్లో నురగ. బ్రాగ్ క్రీక్, స్ప్రింగ్‌బ్యాంక్ వైపు పొలమైతే ఆ నీళ్లు చివరికి కలిసేది ఎల్బో నదిలో. ఎల్బో వచ్చి చేరేది గ్లెన్‌మోర్ జలాశయంలో. కాల్గరీకి తాగునీరిచ్చే రెండు శుద్ధి కేంద్రాల్లో ఒకటి అక్కడే ఉంది.

"మా తాతలు తరతరాలుగా పేడే వేశారు" అని వాదించేవాళ్లకు ఒక్క మాట. ఆ తాతలు పెంటను ఎండాకాలంలో బండ్లతో తోలి, తొలకరి దుక్కిలో మట్టిలో కలిపేవారు. మంచు మీద చల్లలేదు, చల్లడానికి మన ఊళ్లలో మంచే లేదు.

సహజమైనది నీటికి హాని చేయదన్న నమ్మకానికి 1973లోనే ఒక సరస్సు జవాబు చెప్పింది. వాయవ్య ఒంటారియోలో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త బృందం ఒక సరస్సును తెరతో రెండుగా విడదీసింది. ఒక సగంలో కార్బన్, నత్రజని కలిపారు. రెండో సగంలో వాటితోపాటు భాస్వరం కూడా వేశారు. భాస్వరం పడ్డ సగం పచ్చటి పాచితో నిండిపోయింది, మొదటి సగం తేటగానే ఉంది. ఆ షిండ్లరే తర్వాత ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి పనిచేశారు. పేడలో భాస్వరం పుష్కలం. పైరుకు సరిపడా నత్రజని కోసం పేడ వేస్తే, పైరు తినగలిగిన దానికన్నా ఎక్కువ భాస్వరం నేలలో పేరుకుంటుంది. అది బస్తాలోంచి వచ్చిందా, ఆవు కడుపులోంచి వచ్చిందా అని పాచి అడగదు.

క్రిముల సంగతి ఇంకా ఘోరం. 2000 మేలో ఒంటారియోలోని వాకర్టన్‌లో కుండపోత వాన కురిసింది. ఊరి బావి పక్క పొలంలో చల్లిన పేడ నుంచి ఈ.కొలై ఓ157 అనే బ్యాక్టీరియా బావిలోకి దిగింది. ఏడుగురు చనిపోయారు, 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు. క్లోరిన్ సరిగా కలపని సిబ్బంది తప్పు చిన్నది కాదు. అయితే విచారణ జరిపిన జస్టిస్ డెనిస్ ఓకానర్ ఆ రైతును తప్పుపట్టలేదు, అతను సరైన పద్ధతులే పాటించాడన్నారు. పద్ధతిగా చల్లిన పేడే ఇంత పని చేస్తే, మంచు మీద పారబోసిన దాన్ని ఏమనాలి? లేగదూడల పేడలో ఉండే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి అయితే మామూలు క్లోరిన్‌కు కూడా లొంగదు.

పారే నీరు దానంతటదే శుభ్రపడుతుందన్నది, చల్లనీళ్లలో క్రిములు బతకవన్నది, చర్చకు కూడా పనికిరాని మాటలు. గట్టున పొదలు నరికి పచ్చిక పెంచితే వాగు అందంగా ఉంటుందనేవాళ్లు ఫొటోలు దిగొచ్చు. గట్టు కోసుకుపోకుండా పట్టి ఉంచేది మాత్రం ఆ విల్లో పొదల వేళ్లే.

పశువులు మేస్తే వాగు గట్టుకు మంచిదేనని ఇక్కడి పశువుల పెంపకందార్లు అంటుంటారు. మనసొప్పకపోయినా ఇందులో కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. కౌస్ అండ్ ఫిష్ అనే ఆల్బర్టా సంస్థ 1990ల నుంచి రైతులతో కలిసి చేస్తున్న పని ఇదే: గట్టు తడిగా, మెత్తగా ఉన్నప్పుడు పశువుల్ని తోలకుండా, కొన్నాళ్లు మేపి తర్వాత తగినంత విరామమిస్తే గట్టు బాగానే నిలుస్తుంది. ఏడాది పొడవునా వదిలేసేవాళ్లకు ఈ మినహాయింపు లేదు. నీళ్ల కోసం పశువులు వాగులోకి దిగక తప్పదనడం కూడా సాకే. దూరంగా తొట్టి పెడితే కంచె లేకపోయినా చాలావరకు అక్కడికే పోతాయి. పశువు ముక్కుతో నెడితే నీళ్లొచ్చే, కరెంటు అక్కర్లేని, చలికి గడ్డకట్టని పంపులు ఆల్బర్టాలో దొరుకుతాయి.

రిసార్టుకు వెళ్తే ఆర్గానిక్ బోర్డు చూసి మురిసిపోకుండా, పశువులు నీళ్లెక్కడ తాగుతాయో, చలికాలపు పేడ ఎక్కడ పెడతారో అడగండి. పిల్లలు పశువుల్ని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగించండి. మీ స్థలంలో బావి ఉంటే ఏడాదికి రెండుసార్లు బ్యాక్టీరియా పరీక్ష చేయించండి. పేడ కుప్పను తిరగేస్తూ 55 డిగ్రీల వేడిలో రెండు వారాలకు పైగా మాగనిస్తే క్రిములు చాలావరకు చస్తాయి. భాస్వరం మాత్రం అలాగే ఉంటుంది కాబట్టి మాగిన ఎరువైనా కొలత దాటకూడదు.

మంచు మీద, గడ్డకట్టిన నేల మీద పేడ చల్లడాన్ని ప్రత్యేక అనుమతి లేనిదే ఆల్బర్టా చట్టం ఒప్పుకోదు. ఈ చలికాలం పేడను వాగుకు దూరంగా, మెరక మీద కుప్పగానే ఉంచండి. వసంతంలో నేల మెత్తబడ్డాక వాగుకు కనీసం 30 మీటర్లు వదిలి చల్లి, దుక్కి నేలైతే 48 గంటల్లోపు మట్టిలో కలిపేయండి.