భూకంపము వచ్చిన పిదప ఇంటిలో పడుకొనవచ్చునా?

2024వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీ ఉదయము 7 గంటల 27 నిమిషములకు ములుగు జిల్లాలో భూమి కంపించెను. దాని పరిమాణము 5.3 అని లెక్కింపబడినది. వరంగల్లు, ఖమ్మము, కొత్తగూడెము ప్రాంతములందే గాక హైదరాబాదునందును, విజయవాడయందును గూడ జనులు ఆ కదలికను ఎరిగిరి. అంతకు పూర్వము 1969 ఏప్రిలు 13వ తేదీన భద్రాచలము దగ్గర 5.7 పరిమాణము గల భూకంపము వచ్చియుండెను. గోదావరి లోయ అడుగున అతిప్రాచీన కాలము నుండి యున్న పగుళ్లే వీనికి మూలము. కావున మన ప్రాంతమునకు భూకంపము రాదనుకొనుట సరికాదు. అరుదుగా వచ్చుననుటయే సరి.

ములుగు కంపము వచ్చిన దినములలో మేము గ్రామములకు పోయినపుడు రైతులు మమ్మడిగిన ప్రశ్న ఒక్కటే: "అయ్యా, రాత్రి ఇంటిలో పడుకొనవచ్చునా?" చలికాలము, ఇంటినిండ పత్తి, కళ్లమున ధాన్యము, ఒడిలో పసిపిల్లలు. అట్టివారికి ఈ ప్రశ్న చిన్నది కాదు. దానికి తగిన ప్రత్యుత్తరము నిచ్చుటకే యీ వ్యాసము.

మొదట, ఒకమారు కంపించిన భూమి మరల మరల ఏల కంపించును? మన సంఘపు గిడ్డంగిలో బస్తాల దొంతిని తలచుకొనుడు. అడుగుబస్తా యొకటి జారినచో దొంతి యంతయు ఒక్కమారుగా కదలును. ఆ మీదట పై బస్తాలు ఒకటొకటిగా సర్దుకొనుచు, నడుమ నడుమ జారుచునే యుండును. భూమిలోపలి రాతిపొరయు అట్టిదే. అది పెద్దగా జారిన పిదప చుట్టుప్రక్కల రాయి క్రొత్త బరువునకు సర్దుకొనును. ఆ సర్దుబాట్లే వెంబడి వచ్చు కంపములు. వీనిని అనుకంపములందురు.

జపాను దేశమున 1891లో వచ్చిన గొప్ప భూకంపమును శోధించి, ఒమోరి అను శాస్త్రజ్ఞుడు 1894లో ఒక నియమమును తెలిపెను. దినములు గడచినకొలది అనుకంపముల సంఖ్య తగ్గుచు వచ్చును. మొదటి దినమున నూరు వచ్చినచో, పదవ దినమున సుమారు పది మాత్రమే వచ్చునన్నమాట. సామాన్యముగా వానిలో పెద్దది సయితము మొదటిదానికంటె పరిమాణమున ఒకటికి మించి తక్కువగా నుండును. పరిమాణమున ఒకటి తగ్గుట యనగా నేల యూగుట పదవవంతునకును, శక్తి ముప్పదిరెండవ వంతునకును తగ్గుట.

ఇది ధైర్యము నిచ్చు మాటయే. కాని దీనినే నమ్ముకొని యుండరాదు. నేపాళ దేశమున 2015 ఏప్రిలు 25వ తేదీన 7.8 పరిమాణము గల భూకంపము వచ్చెను. పదునేడు దినములు గడచిన పిదప, మే 12వ తేదీన, 7.3 పరిమాణముతో మరియొకటి వచ్చి 200 మందికి పైగా ప్రాణములు గొనెను. మొదటి దెబ్బకు పగిలి నిలిచిన గోడలు రెండవ దెబ్బకు నిలువవు.

చిన్న కంపములు ముందువచ్చి పెద్దది వెనుక వచ్చుటయు కలదు. మహారాష్ట్రమున లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతమున 1992లో చిన్న కంపములు పలుమారు వచ్చెను. జనులు కొన్నాళ్లు ఆరుబయట పండుకొని, పిదప ఇండ్లకు మరలిరి. 1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారుజామున, నాలుగు గంటలు కావచ్చిన వేళ, వినాయక నిమజ్జనము ముగించి అందరును నిద్రించుచుండగా పెద్ద భూకంపము వచ్చెను. ఇంచుమించు 10,000 మంది మరణించిరి. కావున ఏ కంపము కడపటిదో, ఏది రాబోవు పెద్దదానికి ముందుదో ఎవ్వరును చెప్పజాలరు. ఫలానా రాత్రి ఫలానా గంటకు వచ్చునని ఊరిలో పుకారు పుట్టించువారిని నమ్మకుడు.

మరి రైతు దేనిని బట్టి నిర్ణయించుకొనవలెను? భూమిని బట్టి కాదు. తన ఇంటిని బట్టి. కిల్లారి భూకంపము పరిమాణమున 6.2 మాత్రమే. లోకములో అంతటివి ఏటేట ఎన్నియో వచ్చుచుండును. అది భూమికి చాల దగ్గరగా పుట్టుట హానికి ఒక కారణము. అచ్చటి ఇండ్లు రెండవ కారణము. బండరాళ్లను మట్టితో పేర్చి, లోపలి వరుసకును వెలుపలి వరుసకును పొత్తు లేకుండ, నడుమ గులకరాళ్లు నింపి గోడలు కట్టిరి. వానిపై దూలములు, దూలములపై రెండడుగుల మందము వరకు మట్టి. నేల యూగగానే గోడ రెండు పొరలుగా చీలెను. పైనున్న మట్టి నిద్రించువారిపై పడెను. గడ్డి గుడిసెలలోని బీదవారు పలువురు బ్రదికిరి. మన రాయలసీమయందును, తెలంగాణమునందును రాతిగోడల మట్టిమిద్దెలు నేటికిని కలవు. ఏటేట వాన కారకుండుటకు పాతమట్టిని తీయకయే క్రొత్త చవుడు పోయువారును కలరు. ఆ బరువు తమ తలలపైననే యున్నదని వారు గ్రహింపవలెను.

ఇక పైప్రశ్నకు ప్రత్యుత్తరము. కంపము ఆగిన పిదప పగటివెలుతురున ఇంటిని వెలుపలినుండి చుట్టి చూడుడు. పూతపై వెండ్రుకవంటి బీటలు మాత్రమే యున్నచో భయము లేదు. మూలలందు గోడలు విడిపోయినను, బీట గోడ మందమంతయు పారినను, గోడ ఉబ్బినను, దూలపుకొన తన చోటునుండి జరిగినను, ఆ ఇంట పండుకొనరాదు. దారమునకు రాయి కట్టి వ్రేలాడదీసినచో గోడ ఒరిగినదో లేదో తెలియును. బీట కొనలయందు బొగ్గుతో గీతగీసి తేదీ వ్రాయుడు. మరియొక కంపము పిదప బీట గీత దాటినచో ఇల్లు విడువవలెను. సందేహమున్నచో ఇంజనీరు చూచువరకు వెలుపలనే యుండుడు. పత్తికొరకును, పెట్టెకొరకును పగిలిన ఇంట దూరుట ప్రాణముతో బేరమాడుటయే. పట్టాదారు పాసుపుస్తకమును, అప్పు కాగితములను ఒక రేకుపెట్టెలో ముందుగనే వాకిలి దగ్గర నుంచుకొన్నచో ఆ యవసరమే కలుగదు.

పశువులను గోడప్రక్కను గాక, బయలున గుంజకు కట్టవలెను. బావినీరు బురదయైనచో అది తేరువరకు త్రాగరాదు. తేరిన పిదపను కాచి త్రాగవలెను. 1934 జనవరి 15వ తేదీన బీహారులో వచ్చిన మహాభూకంపమున పొలములు నెఱ్ఱెలిచ్చి, వానినుండి ఇసుకయు నీరును పైకి చిమ్మెను. బావులు ఇసుకతో పూడిపోయెను, పైరుపొలములు ఇసుకపాలయ్యెను. నదీతీరపు మెత్తని నేలలలో ఇట్టిది జరుగవచ్చును. పలుచని ఇసుకను దున్ని మన్నులో కలుపవచ్చును. మందముగా నున్నదానిని తోలివేయక తప్పదు.

క్రొత్తగా రాతిగోడ కట్టువారు, గోడ మందమంతయు పట్టు పొడుగురాళ్లను ఎత్తున రెండడుగులకొకటియు, పొడుగున నాలుగడుగులకొకటియు వేయింపవలెను. ద్వారబంధముల మీదుగా నాలుగు గోడలను చుట్టి, ఇనుపకడ్డీలతో సిమెంటు కాంక్రీటు పట్టీ పోయింపవలెను. మిద్దెపై క్రొత్తమట్టి వేయుటకు ముందు పాతది తీయవలెను. దీనికి పెద్ద వ్యయము లేదు; కూలియే ప్రధానము.

ప్రతి సహకార సంఘమును కొన్ని టార్పాలిను పట్టలను నిలువయుంచి, గిడ్డంగి బస్తాలను గోడకు ఆనింపక తక్కువ ఎత్తున పేర్చి, తాపీపని తెలిసిన ఇరువురు సభ్యులను ఇండ్ల తనిఖీకి ఏర్పాటు చేసికొనవలెను. వచ్చు సర్వసభ్య సమావేశమున ఈ మూడు సంగతులను తీర్మానించుడని మా మనవి. భూమి ఎప్పుడు కదలునో మన చేతిలో లేదు. గోడ ఎట్లు నిలుచునో మన చేతిలోనే యున్నది.