జైతూన్ నూనె: కాయ కోశాక ఒక్క రోజు ఆలస్యమైనా తేడానే

మనలో చాలామందికి జైతూన్ నూనె అంటే తలకో, ఒంటికో రాసుకునే చిన్న సీసా. ఫలస్తీన్‌లోని వెస్ట్ బ్యాంక్ పల్లెల్లో మాత్రం అదే వంటనూనె. పొద్దున్నే రొట్టె ముక్క అందులో ముంచి, జాతర్ పొడి అద్దుకుని తింటారు. ఏడాదికి సరిపడా డబ్బాలు అక్టోబర్, నవంబర్ నెలల్లోనే నింపుకోవాలి. అక్కడ 80 వేల నుంచి లక్ష కుటుంబాల జీవనం ఈ పంటతో ముడిపడి ఉందని ఐక్యరాజ్యసమితి లెక్క.

తొలి వాన పడి కాయల మీద దుమ్ము కడుక్కుపోయాక ఇంటిల్లిపాదీ తోటకు వెళ్తారు. చెట్టు కింద పట్టాలు పరిచి, చేత్తోనో, దువ్వెనలాంటి చిన్న పనిముట్టుతోనో కొమ్మల్ని దువ్వుతారు. కాయలు జలజలా రాలతాయి. కర్రతో కొడితే పని తొందరగా అవుతుంది కానీ లేత కొమ్మలు విరిగిపోతాయి. వచ్చే ఏడాది కాపు రావాల్సింది ఆ కొమ్మల మీదే. అసలే జైతూన్ ఒక ఏడాది విరగకాస్తే మరుసటి ఏడాది తగ్గిపోయే రకం.

కాయ కోశాక అసలు తొందర మొదలవుతుంది. దెబ్బ తిన్న కాయలు సంచుల్లో కుప్పగా ఉంటే వేడెక్కి పులుస్తాయి, నూనెలో ఆమ్లత పెరుగుతుంది. అది 0.8 శాతం దాటితే ఇక ఎక్స్‌ట్రా వర్జిన్ అనే పేరు ఉండదు. అందుకే అదే రోజు, మహా అయితే మర్నాడు మిల్లుకు చేర్చాలి.

మిల్లులో ఆకులు ఏరి, కాయలు కడిగి, గింజతో సహా నూరేస్తారు. ఆ ముద్దను అరగంటో, ఇంకాస్త ఎక్కువసేపో మెల్లగా కలుపుతారు. అప్పుడే చిన్న చిన్న నూనె బొట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. వేడి పెంచితే నూనె ఎక్కువ దిగుతుంది కానీ సువాసన పోతుంది. 27 డిగ్రీలు దాటకుండా చూసుకునేది ఇందుకే. తర్వాత గిర్రున తిరిగే యంత్రం నూనెను, నీటిని, పిప్పిని విడదీస్తుంది. లీటరు నూనెకు సుమారు 4 నుంచి 6 కిలోల కాయలు కావాలి. మిల్లు కూలి డబ్బుగానో, నూనెలో వాటాగానో ఇస్తారు. తాజా నూనె గొంతులో మిరియం తగిలినట్టు ఘాటుగా ఉంటుంది. పాడైందని అనుకోకండి, అది మంచి నూనె లక్షణమే!

ఇంత జాగ్రత్త తీసుకునే రైతుకు కోత రోజు మాత్రం తన చేతిలో ఉండదు. గోడకు అవతల పడిపోయిన తోటలకు, సెటిల్‌మెంట్ల పక్కనున్న తోటలకు వెళ్లాలంటే ఇజ్రాయెల్ సైన్యం అనుమతి కావాలి. అదీ ఏడాదిలో కొద్ది రోజులే. ఆ రోజుల్లో కాయ పక్వానికి వచ్చిందా, వాన పడిందా అని ఎవరూ చూడరు. దున్నడానికి, కొమ్మలు కత్తిరించడానికి వీలు చిక్కదు. 2023 అక్టోబర్ తర్వాత చాలా తోటలకు ఆ కాస్త దారీ మూసుకుపోయింది. సెటిలర్ల దాడులు, కాయల దొంగతనం, చెట్ల నరికివేత కోతల కాలంలో ప్రతిసారీ ఐరాస నివేదికల్లో కనిపిస్తూనే ఉన్నాయి.

ఆలస్యంగా లోపలికి వెళ్లిన వాళ్లకు దొరికేది నేల మీద రాలి, పులిసిన కాయలే. వాటి నూనె తినడానికి బాగోదు. కాస్టిక్ సోడా కలిపి ఇంట్లోనే సబ్బు చేసుకోవచ్చు. వంటకు మాత్రం, సొంత తోట ఉండి కూడా, ఆ ఏడాది నూనె బయట కొనుక్కోవాల్సిందే.